కుందేటి సీమలో పునరుత్థాన ప్రభాతము

కడప జిల్లాలో ప్రొద్దుటూరు నుండి ఉత్తరముగా పయనించువారికి, బంగారు అంగళ్ల సందడి వెనుకబడిన కొంతసేపటికే నల్లరేగడి చేలు ఎదురగును. రాజుపాలెము ఈ నల్లనేల సీమలోని ఊరు. ఆ ప్రాంతముననే కుందేరు పారుచున్నది. పెద్దలు దానిని కుముద్వతి యందురు. ఎఱ్ఱమల కొండలలో పుట్టి, నంద్యాల సీమను దాటి వచ్చి, కమలాపురము చేరువను పెన్నలో కలియు నది యిది. వానకాలమున ఉరవడితో పొంగు ఈ యేరు వేసవి మొగమున సన్నగిల్లి, ఇసుక తిన్నెల నడుమ మెల్లగా కదలును.

ఈ సీమను చూడ రాదలచిన సోదరీమణులు ఫాల్గుణ చైత్రములలో వచ్చినచో చేలన్నియు బోడిగా నుండును. ఆశ్వయుజ కార్తీకములలో విత్తిన శనగ ఇంటికి చేరియుండును. జొన్నచొప్ప వాములుగా నిలిచియుండును. నేల నెఱ్ఱెలు విచ్చి, ఇందు మరల పచ్చదనము మొలచునా యని సందేహము పుట్టించును. ఆ దినములలోనే ఉగాది వచ్చును. క్రైస్తవ కుటుంబములలో ఈస్టరు పండుగయు వచ్చును.

ఈస్టరునకు క్రిస్మసు వలె ఒకే తేది లేదు. మన పండుగలవలెనే ఇదియు చంద్రుని ననుసరించి నడచును. మార్చి 21వ తేదినగాని, ఆ పిదపగాని వచ్చు పున్నమ తరువాతి ఆదివారము ఈస్టరు. కావున అది మార్చి 22 మొదలు ఏప్రిలు 25 లోపల ఎన్నడైనను రావచ్చును. ఈ పండుగను అందరును ఒకే ఆదివారమున జరుపవలెనని క్రీ. శ. 325లో నైసియా పట్టణమున కూడిన సభవారు నిర్ణయించిరి. క్రిస్మసుకంటె ఇది ప్రాచీనమైన పండుగ. క్రైస్తవులు ప్రతి ఆదివారమును ఆరాధనకు కూడుటకును మూలము ఈ దినమే.

ఈ ప్రాంతమునకు క్రైస్తవ మతము వచ్చి రెండు వందల యేండ్లు దాటినది. లండను మిషను సంఘమువారు 1822లో కడపలో పని ప్రారంభించిరి. రాజుపాలెమునకు ఉత్తరమున, చాగలమఱ్ఱి చేరువనున్న ముత్యాలపాడు ఆంగ్లికను మిషనరీలకు కేంద్రమయ్యెను. ఈ మతమును స్వీకరించినవారిలో పెక్కురు మాలపల్లెలవారు. ఊరి బావి నీరు ముట్టరాదన్నవారు, ఊరి గుడి వాకిలి త్రొక్కరాదన్నవారు వీరే. లండను మిషను సంఘములు 1947 సెప్టెంబరు 27వ తేదిన ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘములో చేరినవి. రోమను కతోలికులకు 1976లో కడప ప్రత్యేక మేత్రాసనమయ్యెను.

పండుగకు ముందు నలువది దినములు ఉపవాస ప్రార్థనల కాలము. చివరి వారమున మట్టల ఆదివారము, పిదప మంచి శుక్రవారము. ఆ శుక్రవారమున యేసుక్రీస్తు సిలువపై మరణించెననియు, మూడవ దినమున లేచెననియు క్రైస్తవుల విశ్వాసము. కావున ఈస్టరు ముందటి దినములలో తెలుగుదేశపు పెక్కు గ్రామములలో క్రైస్తవులు సమాధుల తోటకు పోయి ముండ్లకంపను కొట్టివేసి, సమాధులకు సున్నము పూయుదురు. పండుగనాడు తెల్లవారకమునుపే పూలును క్రొవ్వొత్తులును తీసికొని పోయి, తమవారి సమాధులపై దీపములు వెలిగించి పాటలు పాడుదురు. తూర్పు తెల్లవారుసరికి ఆ చోటు శ్మశానమువలె గాక పూలతోటవలె కనబడును.

శ్మశానమునకు స్త్రీలు పోరాదను ఆచారము గల ఇండ్లలో పెరిగిన మనకు ఇది వింతగా తోచును. కాని ఈ పండుగ కథయే స్త్రీలు సమాధికి పోవుటతో మొదలగును. మన పల్లెలలో పాతిపెట్టు ఆచారము గలవారు మూడవనాడు సమాధివద్దకు పోయి పాలు పోయుదురు కదా! ఆనాడు యెరూషలేములో మగ్దలేనే మరియయు, యాకోబు తల్లియైన మరియయు, సలోమేయు తమ గురువు దేహమునకు పూయుటకై సుగంధద్రవ్యములు తీసికొని తెల్లవారుజామున బయలుదేరిరి. శిష్యులలోని పురుషులు భయముచే తలుపులు మూసికొనియుండిరి. ఈ స్త్రీలకు త్రోవపొడుగున ఒకటే దిగులు. సమాధి ద్వారమున నున్న పెద్దబండను తమకై ఎవరు తొలగింతురు?

ఈ దిగులు జమ్మలమడుగు, ఎఱ్ఱగుంట్ల సీమల స్త్రీలకు చెప్పకయే తెలియును. ఇది నాపరాతి దేశము. గనులలో పొరలు పొరలుగా లేచు ఈ రాయియే ఇంటి నేల, అరుగు, కప్పు; తుదకు సమాధిమీది పలకయు నదియే. ఒక్క బండను కదలించుటకు ఎందరి భుజములు కావలయునో వీరు చిన్ననాటినుండి చూచినవారే. బండ కదలునను నమ్మకము లేకయే ఆ స్త్రీలు బయలుదేరిరి. ప్రేమించిన వారికి చేయవలసిన తుదిపని మిగిలియున్నదని మాత్రమే వారెరుగుదురు. పోయి చూడగా బండ తొలగియున్నది. లోపల దేహము లేదు.

వారు తిరిగి వచ్చి చెప్పిన మాటను పురుషులు వెఱ్ఱిమాటగా ఎంచిరని సువార్తలోనే వ్రాయబడియున్నది. ఆ కాలమున న్యాయసభలలో స్త్రీల సాక్ష్యమునకు విలువ లేదు. కథ కల్పించువాడు నమ్మదగిన సాక్షులు కావలెనన్నచో స్త్రీలను ఎన్నుకొనియుండడని విశ్వాసులు చెప్పుదురు. మగ్దలేనే మరియ తోటలో ఏడ్చుచు నిలిచి, ఎదుటనున్నవానిని తోటమాలి యనుకొనెను. ఆయన తన్ను పేరుపెట్టి పిలిచిన పిదపనే గుర్తించెను. ఊరిలో పేరైనను లేక కులము పేరుతోనే పిలువబడిన ఆడువారికి ఈ ఘట్టము ఎంత దగ్గరగా తోచియుండునో వేరుగ చెప్పవలెనా?

ఇచ్చట ఒక విషయమును స్పష్టముగా తెలిసికొనవలెను. రాజుపాలెము మండలములోనే, కుందేటి ఒడ్డున, వెల్లాలలో సంజీవరాయస్వామి క్షేత్రము గలదు. సంజీవని తెచ్చి లక్ష్మణుని బ్రదికించిన ఆంజనేయుని అచ్చట కొలుతురు. సావిత్రి యమునివెంట నడచి పతిప్రాణమును తెచ్చుకొన్న కథ మన తల్లులు చెప్పగా విన్నదే. బైబిలులోను లాజరు అనువాడు మరణించి మరల బ్రదికిన వృత్తాంతము కలదు. వీరందరును తిరిగి వచ్చినది మునుపటి జీవితమునకే. వచ్చినవారికి మరల ఒకనాడు మరణము తప్పదు. క్రీస్తు పునరుత్థానమును క్రైస్తవులు అట్లు తలపరు. ఆయన మరణమును దాటి, దాని కెన్నటికిని లోబడని జీవితమున ప్రవేశించెననియు, తామును ఒకనాడు అట్లే లేపబడుదుమనియు వారి విశ్వాసము.

దీనిని వివరించుటకు పౌలు కొరింథీయులకు వ్రాసిన లేఖలో విత్తనమును ఉపమానముగా తీసికొనెను. విత్తినది చావనిదే బ్రదుకదు. విత్తినది ఒక గింజయే, లేచునది వేరొక రూపము గల మొక్క. నల్లరేగడిలో గొఱ్ఱు పట్టి శనగ విత్తు కుటుంబమునకు ఇంతకంటె వ్యాఖ్యానము అక్కఱలేదు. మట్టిలో పడిన గింజ పోయినట్లే. అయినను రైతు భార్య దానిని నష్టముగా ఎంచదు.

పునరుత్థానమనగా ఆత్మ నిలుచుట మాత్రమే కాదు, దేహమును లేపబడును అని ఈ విశ్వాసము చెప్పును. కావున దేహము విడిచివేయదగిన చింకిపాత కాదు. ఈ భావమునకు ఈ ప్రాంతముననే ఒక గుర్తు కలదు. పందొమ్మిదవ శతాబ్దపు తుదిలో లండను మిషను వైద్యుడు క్యాంబెలు జమ్మలమడుగులో ప్రారంభించిన ఆసుపత్రి ఆయన పేరనే ప్రసిద్ధమయ్యెను. అంటరానిదని ఊరు త్రోసిన దేహమును తాకి, కట్టుకట్టి, కాన్పు చేయుటయు ఈస్టరు బోధలో భాగమే యని చెప్పుట తప్పుకాదు.

అయినను మాట యొకటి, నడత యొకటిగా నున్న చోటులును లేకపోలేదు. మాల క్రైస్తవులకును మాదిగ క్రైస్తవులకును పంక్తులు వేరైన పల్లెలు కలవు. కొన్నియెడల సమాధుల తోటలును వేరే. అందరును ఒక్క పిలుపునకే లేతురని నమ్మువారు పండుకొనునపుడు మాత్రము వేరువేరుగా నుండుట సమంజసమా? ఈ ప్రశ్న బయటివారు వేసినది కాదు. ఆ సంఘములలోని వారే పండుగనాడు తమకు తాము వేసికొనవలసినది.

ఇక బిడ్డను పోగొట్టుకొన్న తల్లి సంగతి. పునరుత్థానమును నమ్మినంతమాత్రమున ఆమె కన్నీరు ఆగదు. ఆగవలెనని ఆ మతమును శాసింపదు. లాజరు సమాధివద్ద యేసు తానే కన్నీరు విడిచెనని సువార్త చెప్పుచున్నది. నమ్మిక ఆమెకు ఇచ్చునది మఱపు కాదు, ఎదురుచూపు. శుక్రవారమునకును ఆదివారమునకును నడుమ ఒక శనివారము కలదు. ఆ దినమున ఆ యెరూషలేము స్త్రీలకు తెలిసినది మరణము మాత్రమే. అయినను వారు సుగంధద్రవ్యములు సిద్ధముగా నుంచుకొనిరి. మన జీవితములో పెద్దభాగము అట్టి శనివారమే కదా! మతమేదైనను, చీకటియుండగనే లేచి, చేయవలసిన పనిని చేతబట్టుకొని బయలుదేరు స్త్రీ యే యింటనున్నను ఈ పండుగ యర్థము ఆమెకు కొంత తెలిసినట్లే.