తలకట్టు ఊడిన 'స'

పాప గది గోడకి ఏదైనా బొమ్మ కొందామని మా ఆవిడ అంటే, "ఎందుకూ, నేనే చేస్తా" అని బడాయికి పోయాను. పోతన 2000 ఫాంటులో పాప పేరు పెద్దగా ప్రింటు తీసి, కొరియర్ అట్టపెట్టెల మీద అంటించి కత్తిరించాను. తీరా చూస్తే 'స'కి తలకట్టు విడిగా ఊడొచ్చింది! ముప్ఫయ్యేళ్ళుగా రాస్తున్నా, అది ఒంటికి తగలదని అప్పుడే గమనించాను. ('క'కి తగులుతుంది, చూడండి.)

గోడకి అంటిస్తుంటే పాప అడిగింది, "నాన్నా, నా పేరు మీద రైటు మార్కు ఎందుకు పెట్టావ్?"

చదివేది ఒకటో తరగతి. తన పేరు తెలుగులో చూడటం అదే మొదటిసారి. ముందు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. యూనికోడ్ గురించి పేజీలకి పేజీలు రాసే నేను, ఇంట్లో ఒక్క అక్షరం దిద్దించలేదు.

ఇప్పుడు రోజుకో అక్షరం దిద్దుతున్నాం. నిన్న తలకట్టు మళ్ళీ రాలిపడింది. ఈసారి పాపే అంటించింది, కాస్త వంకరగా. అలాగే ఉంచాం.