కాగితం ఉన్న ఇనుము

పాత రివాల్వర్ చేతికి రాగానే చాలామంది హ్యామర్ లాగి చూస్తారు. నేను కళ్లద్దాలు సవరించుకుని నంబరు వెతుకుతాను. ఫ్రేమ్ మీదున్న నంబరే సిలిండర్ మీదా ఉందా? పరీక్ష ముద్రలు చెరిగిపోకుండా ఉన్నాయా? అమ్మిన దుకాణం పేరేమైనా చెక్కారా? ఇవన్నీ దొరికాక దాని వెంట కాగితం ఉందా అని అడుగుతాను. లేదంటే బల్ల మీద పెట్టేసి లేచి వచ్చేస్తాను, అది ఎంత అందంగా ఉన్నా సరే.

హుస్సేనీ ఆలంలో ఉండేవాడికి ఈ పిచ్చి పట్టడంలో వింతేమీ లేదు. మా పేటకు పేరే మొహర్రం ఆలం నుంచి వచ్చింది. ఒకవైపు నడిస్తే మహబూబ్ చౌక్ గడియార స్తంభం, ఆ చుట్టుపక్కల కత్తులు, పాత సామాన్లు అమ్మే దుకాణాలు. ఇంకోవైపు ఖిల్వత్, అక్కడ చౌమహల్లాలో నిజాముల కాలపు ఆయుధాలు వరుసగా పెట్టి ఉంటాయి. మూసీ దాటి ఆబిడ్స్ దిక్కు పోతే గన్‌ఫౌండ్రీ. ఫ్రెంచి సేనాని రేమండ్ నిజాం సైన్యం కోసం అక్కడ ఫిరంగులు పోయించాడు. ఇనుము, మందుగుండు ఈ ఊరి చరిత్రలో అంతగా కలిసిపోయాయి.

అయితే మన దేశంలో ఈ సరదాకు హద్దు చాలా దగ్గర. 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించారు. అంతకుముందు ఒక మనిషి మూడు తుపాకుల దాకా ఉంచుకోవచ్చు, ఆ తర్వాత రెండే. వారసత్వంగా వచ్చినవాటికీ అదే లెక్క. మా నాన్న పోయాక ఆయన బందూకు నా లైసెన్సులోకి ఎక్కింది. మిగిలింది ఒక్క చోటు. అమెరికాలో సేకరణ చేసేవాళ్లు గోడల నిండా అలంకరించుకుంటారు. నాకు ఉన్నది ఒక్క ఖాళీ. ఆ ఒక్కటీ జీవితానికి సరిపడా ఉండాలి. అందుకే ఏళ్ల తరబడి ఎవరు ఏం చూపించినా తొందరపడలేదు.

ఆ సవరణే నాకు ఒక రివాల్వర్‌ను చూపించింది. మా గల్లీకి అవతల ఉండే, నేను చాచా అని పిలిచే పెద్దాయన దగ్గర లైసెన్సుతో మూడు ఆయుధాలు ఉండేవి. అందులో ఒకటి వదులుకోక తప్పని పరిస్థితి. నన్ను పిలిపించి, "కొడుకులిద్దరూ జెద్దాలో ఉన్నరు బేటా. వాళ్లకు దీంతో పని లేదు. తుక్కులోకి పోతదంటే నా మనసు ఒప్పుకుంటలేదు, నువ్వు తీస్కో" అన్నారు.

అది .32 బోరు వెబ్లీ అండ్ స్కాట్. ఎడమ పక్కన బొటనవేలికి అందే చోట ఒక చిన్న మీట ఉంటుంది. దాన్ని కిందికి నొక్కి బ్యారెల్ వంచితే రివాల్వర్ నడిమికి విచ్చుకుంటుంది. అదే క్షణంలో సిలిండర్ మధ్య నుంచి నక్షత్రం ఆకారంలో ఒక బిళ్ల పైకి లేచి, ఆరు గదుల్లోని ఖాళీ తొడుగులను ఒక్కసారే బయటికి తోస్తుంది. ఇంకొంచెం వంచితే ఆ బిళ్ల టక్కున వెనక్కి కూర్చుంటుంది. బ్రిటిష్ సైన్యం ఈ తరహా వెబ్లీని 1887లో తీసుకుంది. ఇది ఇళ్లలో దాచుకునేందుకు చేసిన చిన్న రకం. చాచా ముందే తూటాలు తీసేసి ఇచ్చినా, నేను మళ్లీ తెరిచి ఆరు గదులూ వెలుతురుకు పట్టి చూసుకున్నాను. పిడి మీద గళ్లు అరిగిపోయి నున్నగా ఉన్నాయి. ఫ్రేమ్ పక్కన రెక్కలున్న తూటా బొమ్మ, కంపెనీ గుర్తు. బ్యారెల్ మీద కిరీటం కింద బి.పి., బి.వి., ఎన్.పి. అక్షరాలు. బర్మింగ్‌హామ్‌లో మామూలు కన్నా ఎక్కువ మందుతో కాల్చి, పగలకుండా నిలిచిందని వేసిన ముద్రలవి. 1904 నుంచి వాడుకలో ఉన్నవి కాబట్టి దీని వయసు ఆ తర్వాతదేనని అక్కడే తేలిపోయింది.

నంబరు మీద నాకున్న పట్టుదలకు కారణం ఉంది. 1914 ఆగస్టు 26న కలకత్తాలో రొడ్డా కంపెనీకి వచ్చిన సరుకులోంచి విప్లవకారులు 50 మౌజర్ పిస్తోళ్లను, 46,000 తూటాలను దారి మళ్లించారు. ప్రతి పిస్తోలు నంబరూ కంపెనీ లెక్కల్లో ఉంది. అందుకే తర్వాత బెంగాల్‌లో ఎక్కడ దొరికినా అది రొడ్డా సరుకేనని పోలీసులు చెప్పగలిగారు. అరంగుళం అంకెల వరుస ఒక ఉద్యమం నడిచిన దారినంతా పట్టి ఇచ్చింది. ఆ అంకెలను అరగదీసిన రివాల్వర్‌ను నాకు ఎవరైనా ఉచితంగా ఇచ్చినా వద్దు.

నకిలీల బెడద కూడా తక్కువేం కాదు. ఖైబర్ కొండల్లో చేతితో చేసిన వెబ్లీ నకళ్లలో ఇంగ్లీషు రాని పనివాడు ఎన్ అక్షరాన్ని తిరగేసి చెక్కినవి ఉన్నాయి. బెల్జియంలోని లీజ్‌లో చేసినవైతే అండాకారంలో ఈ.ఎల్.జి. ముద్ర చెప్పేస్తుంది. వీటన్నిటికన్నా నన్ను బాధపెట్టేది బఫింగ్. పాత సరుకు తళతళలాడితేనే గిరాకీ అని చక్రానికి పట్టి అరగదీస్తారు. నీలిరంగు పోతుంది, ముద్రలు పోతాయి, అంచులు గుండ్రబడతాయి. వందేళ్ల తుప్పు చేయని నష్టాన్ని ఆ చక్రం ఒక్క గంటలో చేస్తుంది. దయచేసి ఎవరూ ఆ పని చేయొద్దు. మెత్తటి బట్ట, కొంచెం నూనె చాలు.

"పాతదానికి లైసెన్స్ ఎందుకన్నా?" అని నమ్మబలికేవాళ్లు కూడా ఉంటారు. చట్టంలో 45వ సెక్షన్ పురాతనమైనవాటికి, పాడైపోయినవాటికి మినహాయింపు ఇచ్చిన మాట నిజమే. కానీ మరమ్మతు చేసినా, చేయకపోయినా అది తుపాకీగా పనికిరాకూడదన్న షరతు ఉంది. పేలగలిగినదైతే వయసు దాన్ని కాపాడదు. .38, .455 లాంటి సైనిక బోర్ల మీద అసలే నిషేధం. రాత్రికి రండి, మంచి ముక్క ఉంది అని పిలిచేవాడి వెంట పోతే చేతికొచ్చేది చరిత్ర కాదు, కేసు.

చాచా, నేను పద్ధతిగానే వెళ్లాం. అమ్మదలచినట్టు ఆయన రాతపూర్వకంగా తెలిపారు. చట్టం చెప్పిన 45 రోజుల గడువు దాటేదాకా రివాల్వర్ ఆయన పేరు మీదే ఉంది. మన నగరంలో లైసెన్సులు పోలీసు కమిషనర్ చేతిలో ఉంటాయి. నా పుస్తకంలో నంబరు ఎక్కి, ముద్ర పడ్డాకే ఇంటికి తెచ్చుకున్నాను. ధర విషయంలో ఇద్దరం బేరమాడలేదు.

దానితో పాటు ఆయన ఒక కవరు ఇచ్చారు. లోపల వాళ్ల నాన్న కాలపు లైసెన్సు, నిజాం సర్కారు ఉర్దూలో రాసినది. నంబరు సరిగ్గా సరిపోయింది. మిగతా రాతంతా గొలుసుకట్టు శికస్తా, నాకు ఒక్క ముక్క కొరుకుడు పడలేదు. చౌక్ దగ్గరుండే రిటైర్డ్ ఉర్దూ మాస్టారు కూర్చోబెట్టి చాలామటుకు చదివి చెప్పారు. ఎన్ని తూటాలు కొన్నారో, ఎప్పుడు కొన్నారో అందులో ఉంది. కింద ఎవరో గుమాస్తా అడ్డంగా రాసిన రెండు వరుసలు మాత్రం ఆయనకూ అంతుపట్టలేదు. భూతద్దం తీసుకుని వచ్చే జుమ్మా తర్వాత మళ్లీ రమ్మన్నారు.