చూరు కింద

మా తాతగారి ఇల్లు నాటాలు ఉత్తర తీరములో ఉన్నది. ఇటుక దిమ్మెల మీద చెక్క చట్రము, బయట ముడతల ఇనుప రేకులు, లోపల చెక్క పలకలు. చెరకు తోటలలో ఒప్పందము తీర్చుకొన్న మన పూర్వికులు పలువురు ఇట్టి రేకుల ఇండ్లలోనే కాపురము పెట్టినారు. 1860లో మొదలైన ఒప్పంద కూలీల రాక 1911లో ఆగిపోయినది. మా ముత్తాత ఆ నడుమ ఉత్తర ఆర్కాటు జిల్లా నుండి వచ్చినవాడు.

అమ్మ కాలము చేసిన పిమ్మట ఇల్లు రెండేండ్లు మూతపడి ఉన్నది. అమ్మివేయుదమని తమ్ముడు అన్నాడు. అక్కచెల్లెండ్రము మేమిద్దరము, విశ్రాంత ఉపాధ్యాయినులము, ఒక్క ఏడాది గడువు అడిగినాము.

ఆ గడువులో మొదటి నెల వృథా చేసినాము. కంటికి కనబడు పని ముందు కావలెనని ఎదుటి గోడకు రంగు వేయించినాము. ఇరుగుపొరుగువారు మెచ్చుకొన్నారు. తొలి పెద్దవానకే లోపలి పలకలు ఉబ్బినవి, రంగు పొక్కులు లేచినది. పాత ఇంటికి మొదటి శత్రువు నీరని అప్పుడు తెలిసినది. నీటి దారి సరిచేయక రంగు వేయుట, పుండు కడుగక కట్టు కట్టుట వంటిది.

ఆ పిమ్మట ఎవరూ ఫోటో తీయని పనులు మొదలైనవి. చూరు వెంబడి ఉన్న రేకు కాలువలో కుళ్లిన ఆకులను బక్కెట్లకొలది తీసినాము. పైకప్పు మేకులు తుప్పుపట్టి వదులైనవి; వాటి స్థానములో రబ్బరు వాషర్లున్న మరలు బిగింపించినాము. రేకుల తుప్పును ఇనుప బ్రష్షుతో గీకి రెడ్ ఆక్సైడు పూసినాము. పాత రంగులో సీసము ఉండవచ్చును గనుక దానిని పొడిగా రుద్దక, తడిపి గీకినాము. పిల్లలను దగ్గరకు రానీయలేదు.

నేల కింది పని అన్నిటికంటె కష్టము. పనివాడు బోర్లా పాకుచు దూలములను సుత్తితో తట్టి చూచినాడు. గట్టి చెక్క ఖంగుమన్నది. చెదలు తిన్నది డొల్లగా పలికినది. కారణము మా నాన్నగారే. ఎలుకలు రాకుండ దిమ్మెల నడుమ సందులను సిమెంటుతో మూయించినారు. గాలి ఆడక తేమ నిలిచినది, తేమకు చెదలు చేరినవి. ఆ సందులను మరల తెరిపించి, సన్నని ఇనుప వల బిగించినాము.

మా చిన్ననాట వాన వచ్చినప్పుడు అవ్వ, "చూరు కింద నిలవకండి, తడుస్తారు" అని కేకవేసెడిది. చూరు అన్నది మా ఇంటివారు కల్పించుకొన్న మాట అనుకొన్నాము. మేము చదివిన బడిలో ఆ మాట వినబడలేదు. మేము ఇంగ్లీషులో చెప్పిన పాఠములలోను లేదు. అరువది దాటిన పిమ్మట, సాయంకాలపు తెలుగు తరగతిలో ఉపాధ్యాయుడు ఇంటి భాగముల పేర్లు బోర్డు మీద వ్రాసినాడు: గడప, వసారా, దూలము, చూరు. ఒకరి ముఖము ఒకరము చూచుకొన్నాము. అవ్వ మాట తెలుగువారందరి మాట అని ఆనాటికి గాని మాకు తెలియలేదు.

మొన్నటి వానలలో తమ్ముడు వచ్చి, లోపలి పలకల మీద అరచేయి పెట్టి చూచినాడు. పొడిగా ఉన్నవి. అమ్మకము మాట ఎత్తలేదు. వసారా అంచున ఆడుకొనుచున్న మనుమనితో, "చూరు కింద నిలవకురా" అన్నాడు. తమ్ముడు మా తెలుగు తరగతికి ఎన్నడూ రాలేదు.

గడువు ఇంకను రెండు నెలలున్నది. ఏడాదికి రెండు మార్లు చూరు కాలువ శుభ్రము చేయు పని ఇకమీదట తనదేనన్నాడు. మేము నిచ్చెన పట్టుకొందుము.