వ్రాసి ఉన్నదేది, కలుపుకున్నదేది?

మా రెండో అమ్మాయి ఇంటర్ చదువుతుండగా లా చదువుతానని పట్టుబట్టింది. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలలో సీటు రావాలంటే క్లాట్ అనే పరీక్ష వ్రాయాలట. 120 ప్రశ్నలు, 2 గంటలు, అంతా ఇంగ్లీషులోనే. తప్పు జవాబుకు పావు మార్కు కోత. హైదరాబాదులోని నల్సార్, విశాఖ దగ్గర సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయం, ఆ సంవత్సరమంతా మా ఇంట్లో ఈ రెండు పేర్లే.

మిగతావి ఎలాగో నెట్టుకొచ్చింది గాని లాజికల్ రీజనింగ్ దగ్గర ఆగిపోయింది. 2020లో పరీక్ష తీరు మారిందట. ఒక పాసేజీ ఇచ్చి, ఈ వాదన దేని మీద నిలబడింది, ఏది నిజమైతే పడిపోతుంది అని అడుగుతారు. మోడల్ పేపరులో 24కి 9 వచ్చిన రాత్రి పిల్ల అన్నం ముట్టలేదు. పదో తరగతితో ఆగినదాన్ని, నేనేమి నేర్పగలను? "నాకు తెలుగులో చెప్పు, వింటాను" అన్నాను. అప్పటినుండి రోజూ గిన్నెలు కడిగాక ఇద్దరమూ అరుగు మీద కూర్చునేవాళ్ళం.

మొదటిరోజు ప్రశ్న ఇది. ఒక ఊరిలో కొత్త బోరింగు వేశారు. మరుసటి నెలలో విరేచనాలు తగ్గాయి. కాబట్టి బోరింగు నీళ్ళ వలననే తగ్గాయి. ఈ వాదనను బలహీనపరచేది ఏది? బోరింగుకు ఖర్చు ఎక్కువైందన్నది ఒక ఆప్షన్. అదే నెలలో ఇంటింటికి క్లోరిన్ బిళ్ళలు పంచారన్నది మరొకటి.

"బోరింగు నీళ్ళు ఉప్పన, ఎవరు త్రాగుతారు?" అన్నాను నేను.

"అమ్మా, అది మన ఊరి బోరింగు. పాసేజీలో లేదు" అని నవ్వి, చటుక్కున ఆగిపోయింది. తానూ అదే చేస్తోందని అప్పుడే దానికి తట్టింది. తనకు తెలిసిన సంగతులు తెచ్చి జవాబు చెబుతోంది గాని, అక్కడ వ్రాసి ఉన్నదాన్ని చూడటం లేదు. క్లోరిన్ బిళ్ళలే సరైన జవాబు.

మర్నాడే ఒక నోటుపుస్తకం కుట్టింది. తప్పు పోయిన ప్రతి ప్రశ్నకు రెండు గడులు: వ్రాసి ఉన్నది, నేను కలుపుకున్నది. మొదట గడియారం చూడకుండా చేసింది, నెల తరువాతే టైము పెట్టుకుంది. వచ్చిన రోజునుండి గడియారంతో పరుగెత్తించే కోచింగులు నాకు నచ్చవు. తప్పునే వేగంగా చేయడం అలవాటవుతుంది. "కొందరు" అన్న పాసేజీ నుండి "అందరూ" అన్న జవాబు తీయకూడదని నాకే బాగా పట్టుబడింది.

ఒక రాత్రి మాటల్లో, "మీ రాజమండ్రి పెద్దమ్మకు మనమంటే లెక్కలేదు, అందుకే మన గృహప్రతిష్ఠకు రాలేదు" అన్నాను.

"రాలేదన్నది వ్రాసి ఉంది. లెక్కలేదన్నది నువ్వు కలుపుకున్నావు" అంది పిల్ల, తల ఎత్తకుండానే.

నాకు ఒళ్ళు మండింది. పెద్దవాళ్ళకు పరీక్షలు పెట్టకు అని లేచిపోయాను. అప్పటికి రెండేళ్ళుగా ఆ అక్కతో మాటలు లేవు. మూడు రాత్రులు అరుగెక్కలేదు. నాలుగోరోజు ఫోను చేశాను. ఆ వారమే అక్కకు కంటి ఆపరేషను అయిందట. "శుభకార్యం ముందు చెప్పి కంగారుపెట్టడం ఎందుకులే అనుకున్నానే. తరువాత నువ్వు పలకరించకపోతే నీకే కోపమనుకున్నాను" అంది.

2024 డిసెంబరు 1, ఆదివారం మధ్యాహ్నం పరీక్ష. తెల్లవారుజామునే విశాఖకు బయలుదేరాము గనుక ఆ వారం ఆరాధన తప్పిపోయింది. జవాబులు సరిచూసుకుంటే లాజికల్‌లో 17 సరిపోయాయి. అయినా మేము కోరిన ర్యాంకు రాలేదు. ఇంగ్లీషు దెబ్బతీసింది. మళ్ళీ వ్రాస్తానంది. నోటుపుస్తకంలో ఇంకా సగం కాగితాలు ఖాళీగానే ఉన్నాయి.

వేసవిలో అక్క వచ్చి వారం రోజులుంది. ముగ్గురమూ అరుగు మీద కూర్చున్నాము. పిల్ల ఆ బోరింగు ప్రశ్న అడిగితే అక్క చెప్పిన మొదటి జవాబు కూడా ఉప్పునీళ్ళే.