చమఖండిలో నాలుగు రోజులు

విశాఖపట్నం నుంచి బరంపురం మీదుగా చిల్క సరస్సు వైపు వెళ్ళే జాతీయ రహదారి మీద చమఖండి అనే ఊరుంది. గంజాం జిల్లా ముఖ్యపట్టణమైన ఛత్రపురానికి దగ్గరి ఊరు. ఆ దారిన నేను ఎన్నోసార్లు వెళ్ళేను గాని, అక్కడ దిగిన పాపాన పోలేదు. ఒక ఫిబ్రవరిలో గులకరాయి ఒకటి దింపింది.

మా మావయ్యకి ఎనభై రెండేళ్ళు. పుట్టింది గంజాంలో. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాం, బరంపురం అటు చేరేయి. ఇచ్ఛాపురం ఇటు మిగిలింది. మా తాతగారు మాత్రం ఉన్నచోటు వదల్లేదు. అక్కడే ఉండి, 1970లో ఒక అంబాసిడర్ కారు కొన్నారు. మార్కు 2 బండి. మావయ్య ఉద్యోగం కొద్దీ విశాఖలో స్థిరపడితే, తాతగారి తరువాత ఆ బండీ ఆయన వెంటే వచ్చింది.

“ఒక్కసారి ఈ బండిలో రుషికుల్య దాకా వెళ్ళొద్దాంరా” అని ఏడాదిగా అంటున్నారు. రైల్లో సుఖంగా వెళ్దామంటే వినరు. సరే, బయల్దేరేం. బరంపురంలో మేనత్త కూతురింట భోజనం చేసి, ఛత్రపురం దాటేమో లేదో, ముందు వెళ్ళే లారీ చక్రం కింది రాయి ఎగిరి వచ్చి తగిలింది. తగలడమేమిటి, అద్దమంతా ఒక్క క్షణంలో మంచు పట్టినట్టు తెల్లబడిపోయింది. దారి కనబడలేదు. భయపడుతూ, పక్క కిటికీలోంచి తల బయటికి పెట్టి బండిని పక్కకి తీసేను. ఆగేక చేత్తో ముట్టుకుంటే అద్దం పటికబెల్లం పలుకుల్లా ఒళ్ళో రాలింది. ఇద్దరికీ గీత పడలేదు.

ఆ కిటుకు తరువాత తెలిసింది. పాత బండిలోది కాచి, గబుక్కున చల్లార్చి గట్టిపరచిన అద్దం. దాని పైపొర బిగిసి ఉంటుంది, లోపల లాగుడు ఉంటుంది. ఎక్కడ చితికినా అంతా ఒకేసారి మొద్దు పలుకులైపోతుంది. కొత్తరకం ల్యామినేటెడ్ అద్దం అలా కాదు. రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర అతికి ఉంటుంది. పగిలినా ముక్కలు ఊడిరావు, దారి కొంతైనా కనబడుతుంది. 1903లో బెనెడిక్టస్ అనే ఫ్రెంచి రసాయనవేత్త చేతిలోంచి సీసా జారిపడి, పగిలీ విడిపోకపోతే, లోపల ఎండిన సెల్యులాయిడ్ పొరే కారణమని గ్రహించేడట. మన దేశంలో ఇప్పటి కార్లకి ముందద్దం ఈ రకమే ఉండాలని నియమం.

చమఖండిలో రోడ్డు పక్కనే ఒక షెడ్డు. అందులో మిస్త్రీ సగం ఒరియా, సగం తెలుగు కలిపి మాట్లాడతాడు. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయినా, బండి రూపం చివరిదాకా పెద్దగా మారలేదు కాబట్టి అద్దం దొరుకుతుందన్నాడు. కలకత్తా మల్లిక్ బజారుకి ఫోన్ చేసేడు. మూడోనాటికి గడ్డి చుట్టిన చెక్కపెట్టెలో అద్దం, కొత్త రబ్బరు బీడింగు వస్తాయని కబురు.

ఈలోగా హైదరాబాదు నుంచి బావ ఫోను. “అక్కడే తుక్కుకి ఇచ్చేసి రైలెక్కండి. మనసొప్పకపోతే వింటేజి కింద రిజిస్టరు చేయించి షెడ్డులో పెడదాం” అన్నాడు. యాభై ఏళ్ళు దాటిన బళ్ళకి 2021లో కేంద్రం అలాంటి ఏర్పాటు చేసింది, నిజమే. కాని ఆ బండిని మామూలు రాకపోకలకి వాడకూడదు. మావయ్య “నాకు చూసుకోడానికి కాదురా, తిరగడానికి కావాలి” అని ఫోను నా చేతికిచ్చేసేరు.

మిస్త్రీ పాత బీడింగు కోసి తీసేడు. దాని కింద రేకు, ముఖ్యంగా కింది రెండు మూలల్లో, తుప్పు పట్టి చిల్లులు పడింది. వాన నీరు నిలిచేది అక్కడే. ఉప్పుగాలి మా విశాఖలోనూ ఉంది, గంజాం తీరంలోనూ ఉంది. “పైన బీడింగు వస్తుంది, ఎవరికీ కనబడదు, బిగించేద్దాం” అన్నాను. నాకు సోమవారం ఆఫీసు. మావయ్య నా వైపు చూసేరు. “పైకి కనబడదు సరే, అద్దం నిలబడేది దేనిమీద?” అన్నారు. నేను మాట్లాడలేదు.

రెండు రోజులు మిస్త్రీ తుప్పు గోకి, చిల్లులకి రేకు అతికి, రెడ్ ఆక్సైడు పూసి ఆరబెట్టేడు. మావయ్య పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చుని, తన చిన్ననాటి ఒరియా మాటలన్నీ ఒక్కొక్కటే బయటికి తీసేరు.

నాలుగోనాడు బిగింపు. అద్దం చుట్టూ బీడింగు తొడిగి, లోపలివైపు గాడిలో సన్నని తాడు చుట్టూ పరిచి, రెండు కొసలూ కింద మధ్యకి తెచ్చి వదిలేడు. అంచుకి సబ్బునీళ్ళు రాసేరు. కుర్రవాడు బయట నుంచి అరచేత్తో మెత్తగా తడుతూ అదుముతుంటే, మిస్త్రీ లోపల కూర్చుని తాడు కొంచెం కొంచెంగా లాగేడు; లాగినకొద్దీ రబ్బరు పెదవి రేకుని దాటి లోపలికి ఎక్కింది. కింది అంచు, పక్కలు అయ్యేయి. పై కుడిమూల మొరాయించింది. కుర్రవాడు బలం పెట్టబోయేడు. మిస్త్రీ “రహ, రహ!” అని కేక వేసి, చేసినదంతా విప్పించేడు. ల్యామినేటెడ్ అద్దం మూల దగ్గర బలవంతాన్ని ఓర్చదు, చిట్లిపోతుంది. మళ్ళీ మొదటినుంచి. రెండోసారి తాడు పూర్తిగా చేతిలోకి వచ్చేసరికి ఎవ్వరం ఊపిరి పీల్చలేదు. తరువాత అంచుల్లో మైనం లాంటి సీలెంటు ఎక్కించి, నాలుగు బకెట్ల నీళ్ళు పోసి చూసేరు. లోపల చుక్క పడలేదు.

“అద్దం పెట్టడం గంట పని బాబూ. చోటు చెయ్యడమే పని” అన్నాడు మిస్త్రీ, డబ్బు లెక్కపెట్టుకుంటూ.

ఆ సాయంత్రం రుషికుల్య వంతెన దాటేక బండి ఆపేను. మావయ్య దిగలేదు. కొత్త అద్దంలోంచి నదివైపు చూస్తూ, “మీ తాతగారు ఇక్కడే ఆపేవారు” అన్నారు. చీకటి పడేదాకా అలాగే కూర్చున్నాం. సోమవారం ఆఫీసుకి సెలవు పెట్టేను.