టోకియోలో మా ఇత్తడి సోల

ప్రయాణానికి సామాను సర్దుతూంటే, పెట్టెలో ఇత్తడి సోల చూచి మావారు, "ఏమే, జపానులో గిన్నెలు దొరకవా?" అని నవ్వారు. నేను నవ్వలేదు.

క్రిందటి సంక్రాంతికి టోకియోలో మా అమ్మాయి పదిమందిని భోజనానికి పిలిచింది. పులిహోర సంగతి ఫోనులో అడిగితే, "నాలుగు సోలల బియ్యం పొయ్యి. చింతపండు ఇంత, ఉప్పు ఇంత" అని చెప్పాను. సోలంటే కరెంటు కుక్కరుతోపాటు ఇచ్చిన కప్పే అనుకున్నది పిల్ల. అన్నం సగమైనా కాలేదు. పులుసూ, ఉప్పూ మాత్రం నాలుగు సోలలకు సరిపడా పడ్డాయి. వచ్చినవాళ్ళు మర్యాదకు తిన్నారట. ఆ రాత్రి, "అసలు నీ సోల ఎంతమ్మా?" అని ఏడ్చింది. ముప్ఫై ఏళ్ళుగా నా చేతిలో ఉన్నదే. ఎంతో నాకే తెలియదు!

అమ్మాయివాళ్ళుండేది ఎదోగావా వార్డులోని నిషికసాయిలో. మనదేశం వాళ్ళు చాలామంది ఉన్న పేట అది. సోనామసూరి బియ్యం, కందిపప్పు అక్కడే దొరుకుతాయి. నేను దిగిన మర్నాడే తల్లీకూతుళ్ళం త్రాసు ముందు పెట్టుకుని కూర్చున్నాం.

ఆ కుక్కరు కప్పు కాఫీ కప్పు కాదు. జపానువారి పాతకొలత 'గో' అన్నమాట. 180 మిల్లీలీటర్లు పడుతుంది. బియ్యమైతే సుమారు 150 గ్రాములు. మా సోలలో నీళ్ళు పోసి చూస్తే రెండు కప్పులూ, పైన ఒక పెద్ద చెంచాడూ పట్టాయి. బియ్యం అంచుకు చదును చేసి తూస్తే 310 గ్రాములు. "నువ్వు ఇంట్లో ఇలాగే పోస్తావా?" అన్నది అమ్మాయి. లేదు. మా అత్తగారు నేర్పినట్లు గోపురం నిలిచేలా పోస్తాను. అలా తూస్తే 360! నాలుగు సోలలకు 1,440 గ్రాములు. పాపం, పిల్ల పోసింది 600.

గిద్దలు నాలుగైతే సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం అని చిన్నప్పుడు వల్లించినదాన్నే. కాని ఈ కొలతలు ఊరూరికీ మారేవి. 1956లో తూనికల చట్టం వచ్చి, 1958 నుంచి బజారులో కిలోలు దిగినా, మా వంటింట్లోంచి సోల కదల్లేదు.

ఆ వారాంతంలో కనజావా చూడబోయాం. 2015 నుంచి టోకియోనుంచి అక్కడిదాకా బులెట్ రైలు నడుస్తున్నది. పూర్వం అక్కడి కోటలో ఉన్న మయేదా ప్రభువుల సీమను పదిలక్షల 'కొకు'ల సీమ అనేవారట. కొకు అంటే వెయ్యి గోలు, సుమారు 150 కిలోల బియ్యం. ఒక మనిషికి ఏడాది గ్రాసమని లెక్క. ప్రభువుల అంతస్తునే బియ్యంతో కొలిచారు! విత్తనాల కొలతతో భూమిని చెప్పుకున్న మనకు అది వింతగా తోచదు.

తిరుగు ప్రయాణానికి ముందురోజు అమ్మాయి ఆ పదిమందినే మళ్ళీ పిలిచింది. నన్ను వంటింట్లోకి రానివ్వలేదు. బియ్యం గ్రాముల్లో తూచుకున్నది. కుక్కరులోని గీతలు వాళ్ళ పొట్టి బియ్యానికి గీసినవని నేర్చుకుని, సోనామసూరికి నీళ్ళు కాస్త ఎక్కువే పోసింది. అన్నం పలుకుగా దిగింది. తీరా చూస్తే త్రాసుమీద బియ్యం 1,500 చూపించిందట.

"అరవై గ్రాములు ఎక్కువెందుకే?" అన్నాను.

"చెప్పకుండా ఎవరైనా వస్తేనో?" అన్నది.

మా అత్తగారు సోలమీద గోపురం నిలిపినది కూడా అందుకే. ఆ మాట నేను దానికి ఎన్నడూ చెప్పలేదు. సోల అక్కడే వదిలి వచ్చాను.