పులికాట్ ఒడ్డున ఒక మధ్యాహ్నం

సూళ్ళూరుపేట అంటే మా నెల్లూరు వైపు వాళ్ళకి మూడే గుర్తొస్తాయి. చెంగాళమ్మ తల్లి, పులికాట్ రొయ్యలు, రాకెట్లు. నేను కాపురమున్నది కావలి దగ్గర ఒక పల్లెలో. అక్కణ్ణుంచి సూళ్ళూరుపేట ఏమంత దూరం? అయినా పెళ్ళయి పదహారేళ్ళయ్యేదాకా ఒక్కసారి వెళ్ళి చూసిన పాపాన పోలేదు. రాకెట్ పైకి లేచినప్పుడల్లా పోపు మాడకుండా స్టవ్ తగ్గించి, టీవీ ముందు రెండు నిమిషాలు నిలబడి, మళ్ళీ వంటింట్లోకి వెళ్ళిపోవడమే. అలాంటిదాన్ని 2023 జూలైలో అమ్మాయిని వెంటబెట్టుకుని బయల్దేరాను. సరదాకి కాదు. దాని దగ్గర నాకో బాకీ ఉండిపోయింది.

అదేమిటో ముందు చెప్పేస్తాను.

మా అమ్మాయి అప్పుడు మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిదో తరగతి. ఇస్రో వాళ్ళు తొమ్మిదో తరగతి పిల్లలకి వేసవి సెలవుల్లో రెండు వారాల శిక్షణ ఇస్తారని వాళ్ళ సైన్సు మాస్టారు చెప్పారు. పేరు యువిక. యువ విజ్ఞాని కార్యక్రమం అన్నమాట. 2019లో మొదలుపెట్టారు. అప్పుడు ఒక్కో రాష్ట్రం నుంచి ముగ్గురినే తీసుకున్నారు. కరోనా రోజుల్లో ఆగిపోయి, 2022లో మళ్ళీ మొదలైంది. 2023లో ఏడు కేంద్రాల్లో పెట్టారు. వాటిలో మన శ్రీహరికోటా ఉంది, హైదరాబాదూ ఉంది. శాస్త్రవేత్తలే పాఠాలు చెప్తారు, ప్రయోగశాలలు చూపిస్తారు, చిన్న రాకెట్లూ రోబోలూ పిల్లల చేతే చేయిస్తారు, రాత్రిళ్ళు నక్షత్రాలు చూపిస్తారు. రైలు ఖర్చు, తిండి, బస అన్నీ వాళ్ళవే. ఇంతకంటే ఏం కావాలి చెప్పండి! కానీ దేశం మొత్తానికి కలిపితే సీట్లు మూడున్నర వందల లోపే. పైగా తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడే పెట్టుకోవాలి. ఆ ఏడు పోతే మళ్ళీ అవకాశం లేదు.

ఎంపికకి పరీక్షంటూ పెద్దగా ఉండదు. ఎనిమిదో తరగతి మార్కులకి నూటికి యాభై. ఇంటర్నెట్‌లో పెట్టే క్విజ్‌కి పది. పంచాయతీ పరిధిలోని బడిలో చదివితే పదిహేను. ఇది చదివినప్పుడు మావారు, "చూశావా, పట్నం పోదాం పోదాం అని నువ్వు నస పెట్టినా నేను కదలకపోవడం ఎంత మంచిదయిందో!" అని మీసం దువ్వుకున్నారు. ఆటలకి, ఒలింపియాడ్ పరీక్షలకి, ఎన్.సి.సి. లాంటివాటికి తలా అయిదు. సైన్స్ ఫెయిర్‌లో పాల్గొంటే బడి స్థాయికి రెండు, జిల్లా స్థాయికి అయిదు, రాష్ట్ర స్థాయికి పది.

మా అమ్మాయి అంతకుముందు చలికాలంలోనే జిల్లా సైన్స్ ఫెయిర్‌కి వెళ్ళొచ్చింది. ఏం చేసిందనుకున్నారు? వడియాలు ఎండబెట్టే పెట్టె! అట్టపెట్టెకి లోపల నల్లరంగు పూసి, పైన పాత ఫోటో ఫ్రేము అద్దం బిగించి, కిందా పైనా గాలి ఆడడానికి కన్నాలు పెట్టింది. చల్లగాలి కిందనుంచి దూరి, వేడెక్కి, తేమ పట్టుకుని పై కన్నాల్లోంచి పోతుంది. కాకుల బెడద లేదు, దుమ్ము లేదు. మేడ మీద కర్ర పట్టుకుని కాపలా కూర్చునే పని లేదు. మూడు రోజులు ఎండాల్సిన గుమ్మడి వడియాలు రెండో రోజు సాయంత్రానికి గలగలలాడాయంటే నమ్మండి. బహుమతి రాలేదు గానీ, జిల్లా స్థాయిలో పాల్గొన్నట్టు సర్టిఫికెట్ ఇచ్చారు.

ఆ సర్టిఫికెట్ ఏమైందో తెలుసా? భోగిమంటలో పోయింది. వేసింది నేనే.

పండగకి ఇల్లు దులుపుతుంటే అటక మీద ఆ పెట్టె కనబడింది. అద్దం పగిలి ఉంది, మూల ఒకచోట చెదలు పట్టింది. "ఇంకెందుకిది?" అనుకుని, లోపల ఏమున్నాయో చూడకుండా భోగినాడు తెల్లారగట్ట తీసుకెళ్ళి మంటలో వేశాను. దాచుకోడానికి అంతకంటే మంచి చోటు లేదనుకుని, సర్టిఫికెట్‌ని ఆ పెట్టెలోనే అడుగున అట్టకింద పెట్టుకుందట పిచ్చిపిల్ల. ఆ సంగతి మార్చిలో అప్లికేషన్ పెట్టే రోజున గానీ బయటపడలేదు.

దరఖాస్తు గడువు మార్చి 20 నుంచి ఏప్రిల్ 3 దాకా. నెట్ సెంటర్‌లో కూర్చుని ముందు పేరు నమోదు చేశాం. తర్వాత క్విజ్. అదయ్యాక కనీసం ఓ గంట ఆగి గానీ ఫారం నింపకూడదట. ఆ గంటలోనే, "అమ్మా, పెట్టె దింపి పెట్టు, సర్టిఫికెట్ కావాలి" అని ఇంటికి ఫోన్ చేసింది. నాకు కాళ్ళు ఆడలేదు. హెడ్మాస్టరు గారి దగ్గరికి పరుగెత్తాం. ఆయన మంచివారే. కానీ జిల్లా వాళ్ళు ఇచ్చిన కాగితానికి నకలు ఆయనెక్కడి నుంచి తెస్తారు? తిరిగీ తిరిగీ చివరి రోజు ఆ గడి ఖాళీగానే వదిలేసి పంపించాం.

ఏప్రిల్ 10న మొదటి జాబితా వచ్చింది. మా అమ్మాయి పేరు లేదు.

అది ఏడవలేదు. నన్ను ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేది. ఆ వేసవిలో ఆవకాయ కలుపుతున్నా, మిరపకాయలు ఎండబోస్తున్నా నా మనసులో ఆ అయిదు మార్కులే. "అయిదు కలిసినా వచ్చేదో రాదో, ఎందుకు కుమిలిపోతావు?" అని మా ఆడపడుచు ఊరడించింది. నిజమే. కానీ కాల్చింది నా చేయి కదా.

జూలై 14న చంద్రయాన్-3 వెళ్తుందని పేపర్లో చూసి, "పోదామా?" అన్నాను. అది నమ్మలేదు. మావారైతే, "పదో తరగతి పిల్లని బడి మానిపిస్తావా? టీవీలో ఇంతకంటే బాగా కనబడుతుంది" అన్నారు. మాటవరసకి కూడా జవాబివ్వకుండా పులిహోర కలిపి డబ్బా సర్దేశాను.

తెల్లవారుజామున కావలిలో రైలెక్కి నెల్లూరులో దిగాం. అక్కణ్ణుంచి మద్రాసు రోడ్డు మీద బస్సు. గూడూరు, నాయుడుపేట దాటాక సూళ్ళూరుపేట. మొన్నమొన్నటిదాకా మా నెల్లూరు జిల్లానే, 2022లో కొత్త జిల్లాలు చేసినప్పుడు తిరుపతి జిల్లాలో కలిపారు. ఊళ్ళో దిగేసరికి ఎటు చూసినా జనం, కార్లు, స్కూలు పిల్లలు.

ముందు చెంగాళమ్మ గుడికి వెళ్ళాం. కాళంగి నది ఒడ్డున ఉంటుంది. ఆ రోజు ఆషాఢ శుక్రవారం కూడా కావడంతో పసుపు చీరల ఆడవాళ్ళతో గుడి కిటకిటలాడిపోతోంది. ఆ గుడికి తలుపులు మూసే పద్ధతి లేదు. రాత్రీ పగలూ అమ్మవారి దర్శనం ఉంటుంది. రాకెట్ ప్రయోగం ముందు ఇస్రో ఛైర్మన్లు కూడా ఇక్కడికొచ్చి దణ్ణం పెట్టుకుని వెళ్ళడం ఆనవాయితీ. లైన్లో మా ముందున్న పెద్దావిడ మా అమ్మాయిని చూసి, "పాపకి బువ్వ పెట్టినావా మే? మధ్యానం దాకా ఎండలో నిలబడాల" అంది. మాకంటే ముందు ఎన్ని రాకెట్లు చూసిందో మహాతల్లి! ఆవిడే చెప్పింది, పాసులు లేకపోతే లోపల గ్యాలరీకి పోనివ్వరనీ, చెరువు గట్టున నిలబడితే చాలనీ. గ్యాలరీ పాసులు ముందుగా ఇంటర్నెట్‌లో తీసుకోవాలి. మీరు ఎప్పుడైనా వెళ్తే ఆ పని ముందు చూసుకోండి. మేము చూసుకోలేదు.

షేర్ ఆటోలో పులికాట్ వైపు వెళ్ళాం. శ్రీహరికోట ఒక దీవి. ఇటు పులికాట్ సరస్సు, అటు బంగాళాఖాతం. సరస్సు మధ్యలోంచి కట్ట పోసి వేసిన రోడ్డు మీదే దీవిలోకి వెళ్ళాలి. ఒరిస్సా చిలకా తర్వాత మన దేశంలో ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. నేనేమో రోడ్డుకి రెండువైపులా నీళ్ళూ, గులాబీ రంగు ఫ్లెమింగోలూ ఊహించుకుని వెళ్ళాను. జూలైలో నీళ్ళెక్కడివి? చాలాచోట్ల బురద ఎండిపోయి, పగిలిన అట్టులా బీటలు, మీద తెల్లగా ఉప్పు పొర. కొంగలు అక్కడక్కడా నాలుగు. ఫ్లెమింగోలు చూడాలంటే చలికాలంలో రావాలన్నాడు ఆటో అబ్బాయి. అయినా ఆ ఖాళీలో ఏదో అందం ఉంది. ఆకాశం అంత పెద్దది నేనెప్పుడూ చూడలేదు. మా ఇంటి పెరట్లోంచి చూస్తే కొబ్బరిచెట్ల మధ్య ముక్కముక్కలుగా కనబడుతుంది.

పోలీసులు ఒకచోట ఆపేశారు. గట్టు పక్కన గొడుగులే గొడుగులు. చెరకు రసం బండి, మజ్జిగ కుండ, మరమరాలు. తుమ్మచెట్టు నీడన పులిహోర తిన్నాం. తింటూ తింటూ మా అమ్మాయి నాకు పాఠం చెప్పింది. ఇక్కడే ఎందుకు పెట్టారో తెలుసా అంది. భూమి పడమర నుంచి తూర్పుకి తిరుగుతుంది కదా. కదిలే బస్సులోంచి దిగేవాడు బస్సు పోయే దిక్కుకే నాలుగడుగులు పరుగెత్తినట్టు, రాకెట్‌ని తూర్పుకి వదిలితే భూమి వేగం కూడా దానికి కలిసొస్తుంది. తూర్పున అంతా సముద్రమే కాబట్టి, కాలిపోయిన భాగాలు ఊడి పడినా ఎవరి నెత్తినా పడవు. 1969లో ఈ చోటు ఎంచుకున్నారట. 1971 అక్టోబరు 9న మొదటిసారి ఇక్కణ్ణుంచి రోహిణి అనే చిన్న రాకెట్ ఎగిరింది. 1979లో మొదటి ఎస్.ఎల్.వి. సముద్రంలో పడింది. మరుసటేడు, 1980 జూలై 18న పంపింది కక్ష్య చేరింది. ఇవన్నీ ఆ క్విజ్ కోసం చదువుకున్నవే. ముద్ద నా గొంతు దిగలేదు.

రెండున్నర దాటింది. ఎవరి ఫోన్‌లో వాళ్ళు లైవ్ పెట్టుకున్నారు. సరిగ్గా 2 గంటల 35 నిమిషాలు. ఫోన్‌లో ఇంకా అంకెలు లెక్కపెడుతూనే ఉన్నారు, ఈలోపే ఎవరో "అదిగో!" అని అరిచారు. తూర్పున చెట్ల వరస మీద ఒక మంట. దీపావళి చిచ్చుబుడ్డి రంగు కాదు, కళ్ళు చిట్లించుకుని చూడాల్సినంత తెలుపు. దాని కింద పొగ స్తంభంలా లేస్తోంది. విచిత్రం ఏమిటంటే శబ్దమే లేదు! అంత మంట నిశ్శబ్దంగా పైకి పోతుంటే ఒళ్ళు జలదరించింది. నేను చప్పట్లు కొట్టబోతే, మా అమ్మాయి నా చేయి గట్టిగా పట్టుకుని, "మాట్లాడకమ్మా" అని పెదాలు కదుపుతూ ఏదో లెక్కపెడుతోంది.

అప్పుడు వచ్చింది చప్పుడు. ముందు ఎక్కడో లారీ వెళ్తున్నట్టు, తర్వాత తాటాకులు చీలుతున్నట్టు, ఆ తర్వాత గుండెల్లోనే మోగుతున్నట్టు. చంటిపిల్లలు కెవ్వుమన్నారు. బురదలోని కొంగలు లేచిపోయాయి.

"యాభై రెండు!" అంది మా అమ్మాయి. "యాభై రెండు సెకండ్లమ్మా. మెరుపు ముందు కనబడి, ఉరుము తర్వాత వినబడదూ? ఈ ఎండలో శబ్దం సెకనుకి మూడువందల యాభై మీటర్లు పోతుంది. అంటే ఇక్కణ్ణుంచి రాకెట్ ఉన్న చోటు సుమారు పద్దెనిమిది కిలోమీటర్లు." పెన్ను తీసి బస్సు టిక్కెట్ వెనక రాసుకుంది. పక్కనున్న ఒకాయన ఫోన్‌లో మ్యాప్ తీసి కొలిచి, "కరెక్టే పాపా!" అంటే దాని మొహం చూడాలి.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. నాయుడుపేట దాటాక, "అమ్మా, ఆ పెట్టె మళ్ళీ చేద్దామే. ఈసారి అద్దం ఏటవాలుగా పెట్టాలి. అప్పుడు ఎండ ఎక్కువ పడుతుంది" అంది. సరేనన్నాను. అద్దం నేనే కొనిపెడతానన్నాను.

ఆగస్టు 23 సాయంత్రం చంద్రుడి మీద దిగినప్పుడు వీధిలో వాళ్ళంతా మా ఇంట్లోనే. పకోడీలు వేయలేక నా చేతులు పడిపోయాయి.

మరుసటేడు మా తోడికోడలి కొడుకు తొమ్మిదిలోకొచ్చాడు. ఈసారి నేనే దగ్గర కూర్చున్నాను. వాడికి రెండేళ్ళ ముందు నుంచీ వచ్చిన ప్రతి కాగితం, బడిలో పరుగుపందెంలో వచ్చిందైనా సరే, ప్లాస్టిక్ ఫైల్లో వరసగా పెట్టించాను. ప్రతిదానికీ ఫోటో తీయించి ఇంకోచోట దాచాం. మీ ఇంట్లో ఏడో ఎనిమిదో చదివే పిల్లలుంటే ఇవాళే ఓ ఫైలు కొనండి. పదిహేను, ఇరవై రూపాయల పని. ఫిబ్రవరి నుంచే మాస్టార్లని అడుగుతూ ఉండండి. ఇంతకీ వాడికీ సీటు రాలేదు. కానీ నాకు నిద్ర పట్టింది.

మా అమ్మాయి ఫైలు కూడా అప్పుడే కొన్నాను. మొన్న ఏదో వెతుకుతూ తెరిస్తే పైనే ఆ బస్సు టిక్కెట్. మిషన్‌లో కొట్టిన అక్షరాలు పూర్తిగా వెలిసిపోయి, ఊరి పేరు గానీ ఛార్జీ గానీ ఏదీ కనబడ్డం లేదు. వెనక పెన్నుతో రాసిన 52 మాత్రం అలాగే ఉంది.